గైడు పట్టిన చెయ్యి

పాత చిత్రికలతో వేగినవాడికే నా బాధ తెలుస్తుంది. చెక్కను నున్నగా చేసే మామూలు చిత్రిక కాదు ఇది. తెల్లదొరల కాలం నాటి ఇనప సామాను. ఒక బ్లేడు వేస్తే గాడి తీస్తుంది, ఇంకోటి వేస్తే అంచు వెంట గుండ్రటి కమ్మీ తీస్తుంది. ఏ ముక్కకా ముక్క విడిపోతుంది. ఒక్కటి పోయిందా, మిగతాదంతా తుక్కు కింద లెక్క.

నాకు దొరికిన దానికి గైడు లేదు. బ్లేడు పక్కకు పోకుండా చెక్క అంచును ఆనుకుని నడిచే పలకను మేం గైడంటాం. కుడిచేత్తో వెనక పిడి తోస్తాం, ఎడమచేత్తో గైడు గుబ్బ పట్టుకుని అంచుకు అదుముతాం. తాడేపల్లిలో పాత సామాన్లమ్మే మొహిద్దీన్ బాషా ఒకటి పంపాడు. గైడు తొడిగే నా చిత్రిక రాడ్లు లావు, దాని బెజ్జాలు సన్నం. వెనక్కి పంపాను. తర్వాత వచ్చినదానికి రాడ్లు దూరాయి గానీ బిగించే మర లేదు. ఆ పాత మర చుట్లే వేరు, ఇప్పటి బోల్టు ఏదీ ఎక్కదు. ఫోన్ చేస్తే, "ఫొటోలో రెండూ ఒకలాగే ఉన్నాయి కదా ఇషాక్ అన్నా" అంటాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

చివరికి సరిపోయేది పంపాడు. గుబ్బ మీద వేళ్లు ఆనిన చోటల్లా గుంటలు పడి ఉంది. ఇదెవరిది బాషా అంటే, తుక్కులో వచ్చిందన్నా, నాకేం తెలుసు అన్నాడు.

సరిపోయి ఏం లాభం? దాన్ని పట్టడానికి నాకు ఎడమ చెయ్యేదీ? నిరుడు పక్షవాతం వచ్చి పడిపోయింది. భుజానికి వేలాడుతూ ఉంటుందంతే. పాత మిషను బంగళా తలుపులు బాగుచేయించే కంట్రాక్టరు, ఆ తలుపుల అంచులకున్న కమ్మీ లాంటిదే తీసి ఒక నమూనా ముక్క చేసి చూపించమన్నాడు. పొద్దున్నే వస్తాడు. నచ్చితే ఏడాది పని. నచ్చకపోతే సామాను అమ్మేసి ఇంట్లో కూర్చోవాల్సిందే. మిరపకాయల కోల్డ్ స్టోరేజీలోనైనా ఒంటిచేతివాణ్ణి ఎవడు పెట్టుకుంటాడు?

పొద్దుగూకింది. కళ్లంలో ఆరబోసిన మిరపకాయల ఘాటు షెడ్డులోకి కొడుతోంది. కరెంటు పోతే ఛార్జింగ్ లైటు పెట్టుకున్నాను. టేకుముక్క బల్లకు బిగించి తోశాను. గైడు అంచు వదిలేసింది, గీత వంకరపోయింది. తువ్వాలుతో నా చచ్చిన చేతిని గుబ్బకు కట్టుకుని తోశాను. జారిపోయింది. ఇంకో ముక్క. అదీ పాడైంది. ఏడుపొచ్చింది నాకు. ఇక ఒక్క ముక్కే మిగిలింది. తువ్వాలు విప్పి పారేసి దాన్ని బిగించాను.

నా కింద పనివాళ్లున్న రోజుల్లో అరిచే అలవాటు నాది. ఆ కోపంలో అలాగే అరిచాను.

"చూస్తావేంట్రా? వచ్చి పట్టుకో."

షెడ్డులో నేనొక్కణ్ణే.

తోశాను. గైడు కదల్లేదు. అంచుకు అతుక్కుని నడిచింది. పొట్టు సన్నగా చుట్టలు చుట్టుకుంటూ పడింది. గీత తిన్నగా వచ్చింది...

ఆగాను. గుబ్బ మీద ఏ చెయ్యీ లేదు. నేనాగినా బల్ల కిర్రుమంటూనే ఉంది. అవతల్నుంచి ఎవరో బలంగా అదుముతున్నట్టు. మిరప ఘాటు పోయింది. తుప్పు వాసన... చెమట వాసన... నా ఎడమ చెవి పక్కనే ఊపిరి.

పారిపోవాలి. తెలుసు. కానీ పొద్దున్నే కంట్రాక్టరొస్తాడు.

కళ్లు మూసుకుని తోశాను. మళ్లీ తోశాను. కమ్మీ పూర్తయ్యేదాకా.

"చాలు," అన్నాను. "వదిలెయ్."

బల్ల కిర్రుమనడం ఆగింది. లైటు అక్కడే వదిలేసి, ముక్క తీసుకుని ఇంట్లోకి వచ్చేశాను.

ఇంకా కరెంటు రాలేదు. నా భార్య ఫెబా ప్రార్థనకు చాప వేసి ఉంది. ఆమె పక్కన కూలబడ్డాను. చీకట్లో ఆమె ప్రార్థన మొదలుపెట్టి, మధ్యలో ఆగిపోయింది. ఏడుస్తోంది.

"ఏవండీ... మీ ఎడమ చేతికి పట్టొచ్చింది. దేవుడు నా మొర ఆలకించాడు."

నా కుడిచేతిలో నమూనా ముక్క ఉంది. దాన్ని కింద పెట్టి తడుముకున్నాను. నా ఎడమ చెయ్యి నా ఒళ్లోనే ఉంది. చల్లగా, ఎప్పటిలాగే.

"కాస్త మెల్లగా పట్టుకోండి," అంది. "నొప్పెడుతోంది."

"వదిలెయ్," అన్నాను చీకట్లోకి.

"వదిలెయ్ వదిలెయ్ అంటూ," అంది ఫెబా, "ఇంకా గట్టిగా పట్టుకుంటారేంటండీ?"