పోస్టర్‌లోని సైకిల్

ఆదివారం ఉదయం 6.42.

విజయనగరం శివార్లలో, నెల్లిమర్ల రోడ్డు పక్కన, సైకిళ్లతో మట్టి మిట్టలు దూకే బీఎంఎక్స్ ట్రాక్ మీద ప్రమోద్ చనిపోయాడు.

పందొమ్మిదేళ్లవాడు. పాలిటెక్నిక్ చివరి సంవత్సరం. మూడో మిట్ట మీంచి సైకిల్‌తో ఎగిరాడు. దిగిన చోటే బోర్లా పడి ఉన్నాడు. తలకి హెల్మెట్ ఉంది. మెడ విరిగింది.

సైకిల్ రెండు ముక్కలైంది. హ్యాండిలూ ముందు చక్రమూ ఒక చోట. మిగతాది నాలుగు గజాల అవతల.

ఎస్సై సుహాసిని 7.10కి వచ్చింది. అప్పటికే గట్టు మీద నలభై మంది చేరారు. సగం మంది ఫోన్లలో వీడియో తీస్తున్నారు. ఒకాయన కూతుర్ని భుజాల మీదికి ఎత్తుకుని మరీ శవాన్ని చూపిస్తున్నాడు.  ముందు వీళ్లను ఇక్కణ్నుంచి పంపించమని సుహాసిని హెడ్ కానిస్టేబుల్ త్రినాథ్‌కి చెప్పింది.

కోచ్ ప్రదీప్ తనంతట తానే ముందుకొచ్చాడు.

"రాంగ్ ల్యాండింగ్ మేడమ్. ముందు చక్రం మీద పడిపోనాడు."

"మీరు చూశారా?"

"నేను స్టార్టింగ్ గేట్ కాడ ఉన్నాను. కానీ తెలుస్తాది కదండీ."

"చూశారా, లేదా?"

"సూడనేదు."

చూసినవాళ్లు ఆరుగురు రైడర్లు. సుహాసిని వాళ్లను విడివిడిగా కూర్చోబెట్టి అడిగింది. ఆరుగురూ ఒకే మాట చెప్పారు. రెండు చక్రాలూ ఒకేసారి నేలకు తగిలాయి. దిగడం సరిగ్గానే దిగాడు. దిగాక సైకిల్ మెడ, హ్యాండిల్ ఫ్రేమ్‌కి కలిసే చోట, ఊడిపోయింది.

వాళ్ల సైకిళ్లు గట్టుకి ఆనించి ఉన్నాయి. ఆరూ నారింజ రంగువే. ఆరింటి మీదా ఒకే స్టిక్కర్. విరాజ్ ఆర్-20. ప్రమోద్‌దీ అదే.

అందరూ ఇదే ఎందుకు కొన్నారని అడిగితే, రాష్ట్ర ఛాంపియన్ షాలిని అక్క దీని మీదే గెలిచిందని ఒక అబ్బాయి చెప్పాడు. వేరే ఫ్రేమ్ తొక్కితే జిల్లా టీమ్‌లోకి తీసుకోరని ఇంకొకడు అందుకున్నాడు. ప్రదీప్ వైపు చూసి అక్కడితో ఆపేశాడు.

సుహాసిని రెండు ముక్కల్నీ సీజ్ చేసి సంచీల్లో సీలు వేయించింది.

9.15కి స్టేషన్‌కి నగరేశ్వరరావు వచ్చాడు. ఊళ్లో పెద్ద సైకిల్ షాపు ఆయనది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు రెండింటికీ విరాజ్ డీలరు. ఇస్త్రీ నలగని తెల్ల చొక్కా. చేతిలో స్వీట్ల డబ్బా. స్టేషన్‌కి వట్టి చేతుల్తో రావడం అలవాటు లేదన్నాడు.

సుహాసిని ఆ డబ్బా కేసి చూసింది. శవం ఇంకా మార్చురీకి చేరలేదు.

ఆయనకు కావలసింది విరిగిన ఫ్రేమ్. కంపెనీకి పంపి, వారంటీ కింద ఆ కుటుంబానికి కొత్తది ఇప్పిస్తాడట. అది కేసు ప్రాపర్టీ, ఇవ్వడం కుదరదని ఆమె చెప్పింది.

ఆయన నవ్వాడు. "మేడమ్, రెండు జిల్లాల్లో మూడొందల ఫ్రేములున్నాయి. షాలిని గెలిచింది దీని మీదే. ఫ్రేమ్‌లో తప్పుంటే ఆ పిల్ల ఎలా గెలుస్తాది? మీరే సెప్పండి."

 సుహాసిని స్వీట్ల డబ్బా ఆయన చేతికే తిరిగిచ్చింది.

సోమవారం పోస్ట్‌మార్టం రిపోర్ట్ వచ్చింది. కొత్తగా ఏమీ లేదు. ఫ్రేమ్ మీద ఫోరెన్సిక్ రిపోర్ట్‌కి వారాలు పడుతుంది. అక్కడికి పంపేముందు ఒక మాట తెలుసుకుందామని, ఆ ముక్కలు తీసుకుని ఆమె గరివిడి వెళ్లింది. ఫ్యాక్టరీ ల్యాబ్‌లో ముప్పై ఏళ్లు లోహాలు పరీక్షించి రిటైరైన సీమోను అక్కడ ఉంటాడు. కోర్టులో చాలాసార్లు సాక్ష్యం చెప్పిన మనిషి.

సీమోను విరిగిన చోట భూతద్దం పెట్టి చూశాడు. తరవాత భూతద్దం ఆమె చేతికిచ్చాడు.

"ఏటి కనిపిస్తన్నాదమ్మా?"

సగం తెల్లగా మెరుస్తోంది. సగం నల్లగా, మసకబారి ఉంది.

మెరిసే సగం ఆదివారం తెగిందనీ, నల్ల సగం తెగి కనీసం నెలైందనీ ఆయన వివరించాడు. పైన పెయింట్ ఉండడంతో లోపలి పగులు ఎవరికీ తెలియలేదు. ఆ నెలంతా కుర్రాడు సగం తెగిన సైకిల్ మీదే ఎగిరాడు.

"ఎందుకు పగిలింది?"

"అల్యూమినియం ఫ్రేమ్‌కి వెల్డింగ్ చేస్తే అతుకు కాడ మెత్తబడిపోతాది. మళ్లీ కొలిమిలో పెట్టి గట్టిపరచాల. దీన్ని పెట్టనేదు. ఆ ఒక్క పనీ ఎగ్గొట్టేసి రంగేసి అమ్మీసేరు."

"రోడ్డు మీద తొక్కితే?"

"రోడ్డు మీదయితే కొన్నేళ్లు ఆగుతాదేమో. ఇది ఎగిరి దూకే బండి కదమ్మా."

మంగళవారం ఆమె పొందూరు వెళ్లింది, ప్రమోద్ తల్లి భారతిని కలవడానికి. దారిలో సిగ్నల్ దగ్గర ఒక ఫ్లెక్సీ కనిపించింది. ప్రమోద్ ఫోటో, చుట్టూ దండ. 'వీర రైడర్‌కు కన్నీటి నివాళి.' కింద నారింజ రంగు సైకిల్ బొమ్మ. ఆ కింద 'ప్రమోద్ మెమోరియల్ రేస్. విరాజ్ రైడర్లకు ఎంట్రీ ఉచితం.' ఆ కింద షాపు ఫోన్ నంబరు.

 త్రినాథ్ కిటికీలోంచి ఉమ్మేశాడు.

భారతి ఇంట్లో రాట్నం పక్కకి జరిపి ఉంది. నూలు వడికే చేతులు ఒళ్లో ఊరికే పడి ఉన్నాయి. గోడకి ఒక కొత్త సైకిల్ ఆనించి ఉంది. నారింజ రంగు. ప్లాస్టిక్ కవరు ఇంకా తియ్యలేదు.

"ఇదెవరిచ్చారమ్మా?"

"ఆ షాపాయన పంపేడు. నిన్న. నా సిన్న కొడుక్కంట." ఆమె గొంతు పెరగలేదు. "నా పెద్ద కొడుకుని సంపీసిన సైకిలే, సిన్నోడికీ పంపేడమ్మా. దాన్ని బయట పడీడానికి కూడా సెయ్యి రాటం నేదు. ముట్టుకోడానికి అసియ్యంగా ఉన్నాది."

సుహాసిని దాన్ని తనే ఎత్తి జీప్‌లో పెట్టింది. విరిగినదానితో పోల్చడానికి సాక్ష్యంగా రాయించుకుంది. ఎత్తేటప్పుడు చేతికి ఏదో గీసుకుంది. బ్రేక్ తీగ. హ్యాండిల్ దగ్గర్నుంచి వెనక చక్రం దాకా ఫ్రేమ్ కింద వేలాడకుండా నాలుగు నల్ల ప్లాస్టిక్ టైలతో బిగించి ఉంది. ఒక టై కొన పదునుగా బయటికి పొడుచుకొచ్చింది.

సాయంత్రం 5.30కి ఆమె నగరేశ్వరరావు షాపులో ఉంది. గోడ నిండా షాలిని పోస్టర్. గాల్లో సైకిల్, కింద ఎర్ర మట్టి, ఛాతీ మీద నంబరు. ఊళ్లో ప్రతి కుర్రాడి గదిలోనూ ఉన్న పోస్టర్ ఇదే. సుహాసిని ఇరవైసార్లు చూసి ఉంటుంది. ఈసారి షాలిని ముఖం చూడలేదు. సైకిల్ చూసింది.

పది నిమిషాలు చూసింది. ఫోన్‌తో ఫోటో తీసుకుంది. నగరేశ్వరరావు టీ తెప్పించాడు. ఆమె ముట్టలేదు.

అక్కణ్నుంచి నేరుగా షాలిని ఇంటికి వెళ్లింది. షాలినికి ఇరవై మూడేళ్లు. బాప్టిస్టు చర్చి వెనక వీధిలో తల్లితో ఉంటోంది. ఫోటో చూపించి సుహాసిని ఒక్క ప్రశ్నే అడిగింది.

 షాలిని నేల చూపులు చూస్తూనే నిజం చెప్పింది.

బుధవారం మధ్యాహ్నం నాలుగు గంటలు. మెమోరియల్ రేస్ అదే ట్రాక్ మీద. ప్రమోద్ పడిన చోట కొత్త మట్టి పోసి చదును చేశారు. జనం వచ్చారు. నగరేశ్వరరావు, ప్రదీప్ వేదిక మీద ఉన్నారు. సుహాసిని మైక్ తీసుకుని రేస్ ఆపించింది. రైడర్లందర్నీ సైకిళ్లు తిరగేసి వరసగా పెట్టమంది.

ఇరవై నాలుగు సైకిళ్లు. అన్నీ నారింజ రంగువే.

"బ్రేక్ తీగ ఎటు పోతోందో ఎవరిది వాళ్లు చూసుకోండి," అంది.

రైడర్లు వంగి చూశారు. ఫ్రేమ్ కింద, నల్ల టైలతో కట్టిన తీగ.

ఆమె పోస్టర్ విప్పి పట్టుకుంది. షాలిని సైకిల్ కింద టైలు లేవు. తీగే లేదు. అది హ్యాండిల్ దాటగానే ఒక చిన్న రంధ్రంలోంచి ఫ్రేమ్ లోపలికి దూరి, వెనక చక్రం దగ్గర బయటికి వచ్చింది.

"ఏడాదిగా మీ గోడల మీద ఉంది ఇది. షాలిని గెలిచిన ఫ్రేమ్ విరాజ్ కాదు. విదేశీ ఫ్రేమ్‌కి ఈ షాపు వెనక గదిలో నారింజ రంగు కొట్టి, విరాజ్ స్టిక్కర్ అంటించారు. షాలిని, చెప్పు."

షాలిని జనంలోంచి ముందుకొచ్చింది. "నిజమేనండి. మంచి ఫ్రేమ్ కొనుక్కునే తాహతు మాకు నేదు. స్టిక్కర్ ఉంచుకుంటే ఊరికే ఇస్తామన్నారు. ఉంచుకున్నాను. ప్రమోద్ ఓపాలి నన్ను అడిగేడు, అక్కా ఇది కొనుక్కోమంటావా అని." ఆమె ఆగింది. "కొనుక్కోమన్నాను."

ప్రదీప్ వేదిక దిగబోయాడు. త్రినాథ్ అడ్డం నిలబడ్డాడు. ఈ ఫ్రేమ్ తొక్కనివాళ్లను ప్రదీప్ జట్టులోకి తీసుకోలేదని సుహాసిని అందరి ముందూ చెప్పింది. ఏడుగురు రైడర్లు రాతపూర్వకంగా ఇచ్చారు. వాళ్లు రాసిన ప్రకారం, నెల్లాళ్ల కిందట ఒక బొబ్బిలి కుర్రాడి ఫ్రేమ్ ఇదే చోట పగిలితే, నోరెత్తకుండా కొత్తది ఇచ్చి పంపించినదీ ప్రదీప్, నగరేశ్వరరావులే.

నగరేశ్వరరావు ఇంకా నిబ్బరంగానే ఉన్నాడు. స్టిక్కర్ మార్చడం వ్యాపారంలో మామూలేనన్నాడు. ఫ్రేమ్ బలహీనమని తనకేం తెలుసన్నాడు. కంపెనీ పంపింది, తను అమ్మాడు. పగిలిన ఒక్కదానికీ కొత్తది ఇచ్చాడు కూడా.

"మీకు తెలీదా?"

"దేవుడి మీద ఒట్టు మేడమ్. తెలీదు."

సుహాసిని సైకిళ్ల వరస వెంట నడిచింది. పద్దెనిమిదో సైకిల్ దగ్గర ఆగింది. దాని పక్కన పద్నాలుగేళ్ల అమ్మాయి నిలబడి ఉంది. బిందు. నగరేశ్వరరావు కూతురు.

తిరగేసిన ఆ సైకిల్ కింద ఒక్క టై కూడా లేదు. తీగ ఫ్రేమ్ లోపలికి పోతోంది.

"ఇరవై మూడు సైకిళ్లకి తీగ బయట. ఒక్కదానికి లోపల," అంది సుహాసిని. "మీ అమ్మాయికి మాత్రం మంచి ఫ్రేమ్ తెప్పించి రంగేయించారు. ఏది విరుగుతుందో మీకు తెలుసు."

  

బిందు వంగి తన సైకిల్ కింద చూసింది. పక్కవాళ్ల సైకిల్ కింద చూసింది. తరవాత తండ్రిని చూసింది. "నాన్నా, మరి వీళ్లందరివీ?" అంది.  ఆ పిల్ల గట్టు పక్కకి పరిగెత్తి వాంతి చేసుకుంది.

నిర్లక్ష్యం కేసు కాస్తా నేరపూరిత నరహత్యగా మారింది. బీఎన్ఎస్ 105, మోసం కింద ఇంకొకటి. ఇద్దరూ రిమాండ్‌కి వెళ్లారు. షాలిని మేజిస్ట్రేట్ ముందు వాంగ్మూలం ఇచ్చి, పతకం వెనక్కి ఇచ్చేసింది. విరాజ్ ఫ్రేములన్నీ దగ్గరి స్టేషన్‌లో అప్పగించాలని రెండు జిల్లాల్లోనూ ప్రకటన వేశారు.

పది రోజుల్లో, మూడొందల్లో నలభై ఒకటి వచ్చాయి.

ఫోన్లు మాత్రం చాలా వచ్చాయి. ఫ్రేమ్ అప్పగించడానికి కాదు. షాలిని నిజంగా తొక్కిన ఫ్రేమ్ పేరేంటి, ఎక్కడ దొరుకుతుందని. పదకొండో రోజు ఒక తండ్రి నేరుగా స్టేషన్‌కే వచ్చాడు. కాంట్రాక్టరు. కొడుక్కి వచ్చే నెల పోటీలున్నాయి. ఆ పేరు ఒక్కటి రాసిస్తే చాలన్నాడు.

సుహాసిని ఆయన్ని కూర్చోమని కూడా అనలేదు.

"మీ అబ్బాయి పాత ఫ్రేమ్ ఏది?"

"అది అమ్మీసేనండి. మొన్న."

"ఎవరికి?"

"పాలకొండ వైపు ఎవరో. అడ్రసూ నంబరూ ఉన్నాయి."

ఆమె రెండూ తీసుకుని జీప్ తియ్యమంది. దారిపొడుగునా ఆ నంబరుకి ఫోన్ చేస్తూనే ఉంది. ఎవరూ ఎత్తలేదు. పాలకొండ చేరేసరికి 12.40.

చిన్న పెంకుటిల్లు. వాకిట్లో నారాయణమ్మ అనే ముసలావిడ చేపలు కడుగుతోంది. వెనక నారింజ రంగు సైకిల్, దాని మీద కూర్చోబోతూ మనవరాలు. సుహాసిని నాలుగు అంగల్లో వెళ్లి ఆ పిల్లను పక్కకి లాగింది. సైకిల్ తిరగేసి, మెడ దగ్గర గోటితో గీకింది. పెయింట్ పెచ్చు ఊడింది. కింద వెంట్రుకంత నల్ల గీత. సగం చుట్టూ తిరిగింది.

ముసలావిడ భయపడిపోయింది. దొంగ సొత్తా అని అడిగింది. కాదని, ఇలాంటిదే విరిగి ఒక కుర్రాడు చనిపోయాడని సుహాసిని నెమ్మదిగా చెప్పింది. టీవీలో, పేపర్లో వచ్చిందంది. ఇంట్లో టీవీ లేదు. ఆమెకు చదువు రాదు.

"మరి ఆ బాబు సెప్పనేదేటమ్మా?"

"ఏం చెప్పి అమ్మాడు?"

"షాలిని అని పెద్ద ఆటగత్తె ఉన్నాదంట. ఆ పిల్ల తొక్కి గెలిసిన రకం, కళ్లు మూసుకుని తీసుకోమన్నాడు."

 సుహాసిని చేతికంటిన నారింజ రంగు పొడిని గోడకి రాసి తుడుచుకుంది.

"త్రినాథ్, ఆ కాంట్రాక్టరు ఇంకా స్టేషన్‌లోనే ఉన్నాడా?"

ఫోన్ చేసి కనుక్కున్నాడు. ఉన్నాడు. ఫ్రేమ్ పేరు కోసం కూర్చున్నాడు.

"కదలనివ్వొద్దని చెప్పు," అందామె. "ఆయన పేరు మనం కేసులో రాసుకుందాం."