కొల్లప్ప దిగినాడా?

ఎంప్లాయీ రిలేషన్స్ అని బోర్డున్న తలుపు వెనక ఉద్యోగులను మంచి చేసుకునే పని ఏదో జరుగుతుందని అనుకునేవాళ్లుంటారు. పాపం, వాళ్లు ఆ తలుపు తీసి చూడలేదు. నలభై వేలమంది పనిచేసే టెలిఫోన్ కంపెనీ ట్రంక్‌లైన్ కార్పొరేషన్‌కు సొంత గూఢచారి విభాగం అదే. 1986 మార్చిలో ఒక సోమవారం, బెంగళూరు ఆఫీసులో, ఏజెంట్ గంగాధరప్ప ముందుకు చీఫ్ ఒక ఫైలు తోశాడు.

"పావగడ తాలూకా. లైన్‌మన్ ఒకడు చావబోతున్నాడు."

"ఎవరు చంపుతారు సార్?"

"ఆర్బిటెల్. విదేశీ కంపెనీ. మనవాడొకడు స్తంభం మీద చస్తే యూనియన్ సమ్మె చేస్తుంది. పది రోజులు లైన్లు మూగబోతే శాటిలైట్ కాంట్రాక్టు వాళ్లకు పోతుంది. ఎలా చంపుతారో నువ్వొకసారి చూశావు."

ఫైలు మీద పేరు: కొల్లప్ప, లైన్‌మన్, 1983.

"ఇది యాక్సిడెంట్ కదా. రిపోర్టు నేనే రాశాను."

"రిహార్సల్. మనకు నిన్ననే తెలిసింది."

టెలిఫోన్ తీగల మీదుగా హై టెన్షన్ వైర్లు పోయే చోట, స్తంభం ఎక్కేముందు లైన్‌మన్ ఎక్స్చేంజికి ఫోన్ చేయాలి. ఆపరేటర్ కరెంటువాళ్లతో మాట్లాడి సరఫరా ఆపించి, 'లైన్ క్లియర్' అని చెప్పాలి. అప్పుడే ఎక్కాలి. ఇది కంపెనీ మాన్యువల్‌లోని నియమం. కొల్లప్ప అడగకుండానే ఎక్కాడని గంగాధరప్ప రాశాడు. 'కార్మికుడి సొంత అజాగ్రత్త.' మూడు మాటలు రాయడానికి అరగంట కూడా పట్టలేదు. ఆ మూడు మాటలతో కుటుంబానికి రావలసిందంతా ఆగిపోయింది.

ఆ రోజు అతను వెళ్లేసరికి కొల్లప్ప ఇంకా పైనే ఉన్నాడు. నడుముకు కట్టుకున్న బెల్టు అతన్ని కింద పడనివ్వలేదు. అప్పటినుంచి గంగాధరప్ప ఏ రిసీవర్ ఎత్తినా, అవతలి మనిషి గొంతుకు ముందు స్తంభాల మధ్య గాలి వినిపిస్తుంది. డాక్టరు చెవులు బాగున్నాయన్నాడు. గంగాధరప్పకు ఫోనంటే భయం పట్టుకుంది. టెలిఫోన్ కంపెనీలో ఆ మాట ఎవరితో చెప్పుకుంటాడు?

హెడ్డాఫీసు అతనికి శెనక్కాయల వ్యాపారి వేషం ఇచ్చింది. పంచె, బొట్టు, లోపల వైర్‌లెస్ దాచిన ట్రాన్సిస్టర్. వై.ఎన్.హొసకోట బస్టాండులో ఆమె ఎదురైంది. లేబర్ వెల్ఫేర్ ఆఫీసర్ శర్మిష్ఠ. నల్లకళ్లద్దాలు, దుమ్ము అంటని సిల్కు చీర. ఆర్బిటెల్‌లోకి మనం పంపిన మనిషి అని చీఫ్ చెప్పాడు.

"వాన పడిందా?" అన్నాడతను.

"రేడియోలో పడింది," అందామె. కోడ్ సరిపోయింది.

"టార్గెట్ పావగడ. శుక్రవారం," అని గొంతు తగ్గించి చెప్పింది. "గురువారం పొద్దున్నే నువ్వక్కడ ఉండు."

గురువారం పదింటికి అతను పావగడలో ఉన్నాడు. వీధి మొదట్లో వెల్ఫేర్ డిపార్ట్‌మెంట్ వారి ఉచిత వైద్య శిబిరం. మహిళా ఉద్యోగుల వరుసలో చివర నిలబడిన మనిషిని చూసి అతని కాళ్లు ఆగిపోయాయి. రామాంజినమ్మ, హొసకోట ఆపరేటర్. కొల్లప్ప చెల్లెలు. అన్న చనిపోయిన రోజు ఆమె సెలవులో ఉంది. ఎవరో టెంపరరీ మనిషి స్విచ్‌బోర్డు దగ్గర కూర్చుంది.

"అమ్మా, బోర్డు దగ్గర ఎవరున్నారు?"

"వెల్ఫేర్ మేడమే కూసోనుండాది. నువ్వు పోయి చూపించుకో, నేను చూసుకుంటా అనింది."

"ఈ రోజు స్తంభం ఎక్కేవాళ్లున్నారా?"

"బోరన్న. పదకొండుకు. అరసికెరె దోవలో, మా అన్న పోయిన స్తంభమే."

శర్మిష్ఠ పావగడ, శుక్రవారం అన్నది తనను హొసకోట నుంచి తప్పించడానికేనని గంగాధరప్పకు అర్థమైంది. రామాంజినమ్మను శిబిరం జీపెక్కించి అరసికెరె దారి పట్టించాడు. ట్రాన్సిస్టర్ తిప్పి అత్యవసర సంకేతం పంపబోతే అందులోనూ గాలే. దారికి రెండువైపులా విత్తనం పడని ఎర్రనేల. పదకొండుకు ఐదు నిమిషాలుంది, తర్వాత రెండు, తర్వాత ఏమీ లేదు. అతను యాక్సిలరేటర్ ఇంకా తొక్కాడు. పక్కన రామాంజినమ్మ మాత్రం తొందరపడలేదు.

"మెల్లగా పో సార్. బోరన్న ఎక్కడు," అందామె.

స్తంభం కనిపించింది. పైన ఎవరూ లేరు. పడిపోయాడనుకుని గంగాధరప్ప జీపు ఆగకముందే దూకాడు. బోరన్న స్తంభానికి ఆనుకుని బీడీ కాలుస్తున్నాడు. తలపైన హై టెన్షన్ వైర్లు జుమ్మని మోగుతున్నాయి. కరెంటు ఆగనే లేదు.

"ఎందుకు ఎక్కలేదు?"

"ఫోన్ చేసినా. కొల్లప్ప దిగినాడా అని అడిగినా. ఆయమ్మ లైన్ క్లియర్ అనింది. మళ్లీ అడిగినా, మళ్లీ అదే మాట. కొల్లప్ప దిగందే నేనెట్ల ఎక్కేదప్పా?"

గంగాధరప్ప రామాంజినమ్మ వైపు తిరిగాడు.

"మా అన్న అడిగే ఎక్కినాడు సార్. లైన్ క్లియర్ అన్న మాట నమ్మే చచ్చిపోయినాడు. అడగలేదని నువ్వు రాస్తివి. ఆ పొద్దే కంపెనీ మాట ఇడిసిపెట్టినాం. ఇప్పుడు ఎక్కేముందు వీళ్లు కొల్లప్ప దిగినాడా అంటారు. కరెంటు ఆపించినాక దిగినాడు, నువ్వెక్కు అంటా. మూడేండ్లుగా దినామూ నేనే దించుతుండా."

"నేనెవరో మీకు తెలుసా?"

"శెనక్కాయలే లేని ఏడాది కొనేదానికి వచ్చినోడు ఇంకెవడుంటాడు?" అన్నాడు బోరన్న. "మొదటి దినమే తెలిసె."

సైకిల్ మీద బోరన్న పంపిన మనిషి అప్పటికే హొసకోట ఎక్స్చేంజి తలుపుకు బయట గడియ పెట్టేశాడు. వీళ్లు చేరేసరికి లోపల శర్మిష్ఠ హెడ్‌ఫోన్ తీసి, చీర కుచ్చిళ్లు సర్దుకుని కూర్చుని ఉంది. ఆమె లిప్‌స్టిక్‌లో పిస్టల్ ఉందట. బయటి గడియ ముందు అది పనికి రాలేదు.

"మాన్యువల్‌లో ఉన్న మాటే చెప్పాను," అందామె కిటికీలోంచి. "ఎక్కడ తప్పాను?"

"ఇక్కడ మాన్యువల్ ఎవరూ నమ్మరు మేడమ్," అన్నాడు గంగాధరప్ప. "అది నా వల్లే."

పోలీసులు ఆమెను తీసుకుపోయాక రామాంజినమ్మ తన కుర్చీలో కూర్చుంది. అతను పక్కగదిలోంచి బెంగళూరుకు మూడు నిమిషాల ట్రంక్ కాల్ అడిగాడు. రిసీవర్ ఎత్తగానే గాలి. ఈసారి చెవికి దూరంగా పెట్టుకోలేదు.

"మిషన్ పూర్తయింది సార్. లైన్‌మన్ బతికాడు. రాసుకోండి, ఇంకొక రిపోర్టుంది. 1983లో కొల్లప్ప అడిగే ఎక్కాడు. కంపెనీ స్విచ్‌బోర్డు నుంచే అబద్ధపు లైన్ క్లియర్ వెళ్లింది. నా పాత రిపోర్టు తప్పు. కుటుంబానికి రావలసింది ఇవ్వాలి."

"అది మూసేసిన ఫైలు," అన్నాడు చీఫ్. "తెరిస్తే నీ ఉద్యోగం పోతుంది."

"తెరవండి సార్. సంతకం చేసిన కాపీ యూనియన్‌కు కూడా పంపుతున్నాను."

అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు. లైను మాత్రం తెగలేదు. రామాంజినమ్మ వింటూనే ఉందని అతనికి తెలుసు.

"అమ్మా, కొల్లప్ప దిగినాడా?"

ఆమె ఊపిరి వినిపించింది.

"దిగుతుండాడు సార్. ఆ కాగితం నా చేతికి వచ్చినాక పూరా దిగుతాడు." ఆ వెంటనే, రోజూ అందరితో అనేట్టే అంది, "మూడు నిమిషాలు అయిపోయినాయి. ఎక్స్‌టెండ్ చేయాల్నా?"