రెండో ప్లేయర్‌కి బొట్టు

ట్రాయ్ ఊళ్ళో జనవరి వచ్చిందంటే సాయంత్రం ఐదింటికే చీకటి పడిపోతుంది. విద్యకి చీకటంటే భయం లేదు. ఆమె భయమంతా షుగరంటే. బోర్డర్‌లో ఉంది, ఒళ్ళు వంచకపోతే ఇక మాత్రలేనని డాక్టరమ్మ తేల్చి చెప్పేసింది. బేస్‌మెంట్‌లో ట్రెడ్‌మిల్ లేకపోలేదు. చాలామంది ఇళ్ళలో లాగే అది తడిబట్టలు ఆరేసుకోవడానికి పనికొస్తోంది.

అందుకే ఇల్లు ఖాళీ చేస్తున్న ఒకాయన మూవింగ్ సేల్‌లో ఒక డాన్స్ గేమ్ కొంది. టీవీలో బొమ్మ ఎలా గెంతితే మనమూ అలా గెంతాలి. కెమెరా మన ఆకారాన్ని తెర మీద బూడిదరంగు నీడలా చూపించి మార్కులు వేస్తుంది. అమ్మిన జగన్మోహన్‌గారు పెద్దాయన. ఇంట్లో ఆయనొక్కరే ఉన్నారు. డబ్బా చేతికిస్తూ, "ఒక్కరే ఆడుకోండమ్మా. రెండో ప్లేయర్‌ని మాత్రం పిలవకండి," అన్నారు. ఎందుకని అడిగితే డబ్బులు లెక్కపెట్టుకుంటూ లోపలికి వెళ్ళిపోయారు. కెమెరా ఎక్కడో పాడై ఉంటుందిలే అనుకుంది విద్య.

కొద్ది రోజుల్లోనే ఆ గెంతులు ఆమెకి తెగ నచ్చేశాయి. ఆయాసపడుతూనే నవ్వుకునేది. ఇంత హాయిగా చెమట పట్టి ఎన్నాళ్ళయిందో!

ఆ శుక్రవారం భర్త ఫణి ఆఫీసు పని మీద వేరే ఊళ్ళో ఉన్నాడు. ఇంట్లో విద్య, ఆరేళ్ళ కూతురు వేద, అంతే. బయట మంచు కురుస్తోంది. విద్య దేవుడి దగ్గర దీపం పెట్టి, వేలికంటిన కుంకుమ కూడా తుడుచుకోకుండా కిందికి దిగింది. వేద బేస్‌మెంట్ మెట్ల మీద కూర్చుని ద్రాక్షపళ్ళు తింటోంది.

"అమ్మా, రేపు ఉమామహేశ్వరి ఆంటీ హౌస్‌కి నేను రాను. బోరింగ్."

"తప్పమ్మా. ఆంటీ ఇంటికొచ్చి బొట్టు పెట్టి మరీ పిలిచారు కదా. అలా పిలిచాక వెళ్ళి తీరాలి."

విద్య గేమ్ ఆన్ చేసింది. తెర మీద ఆమె నీడ వచ్చింది. దాని వెనక, కాస్త ఎడంగా, ఇంకో నీడ.

వెనక్కి తిరిగి చూసింది. ట్రెడ్‌మిల్ మీద ఫణి చొక్కాలు వేలాడుతున్నాయి. 'ఓస్, ఇవా,' అనుకుంది.

"అమ్మా, ఆంటీకి బొట్టు పెట్టలేదు నువ్వు," అంది వేద, తెర వైపు వేలు చూపిస్తూ.

పిల్ల ముచ్చట ఎందుకు కాదనాలని విద్య నవ్వుతూ తెర దగ్గరికి వెళ్ళి, వేలికున్న కుంకుమని ఆ నీడ నుదుటి మీద అద్దింది. "రండి ఆంటీ, మీరూ ఆడండి."

పాట మొదలైంది.

చేతులు పైకి. ఒక అడుగు పక్కకి. చప్పట్లు. విద్య నీడ ఆమెతో పాటే కదిలింది. రెండో నీడ కూడా కదిలింది. చొక్కాలు గాలికి ఊగుతున్నాయేమో అనుకుంది. కానీ చొక్కాలు చప్పట్లు కొట్టవు కదా...

ఆమె ఆగిపోయింది. రెండో నీడ ఆగలేదు.

కుంకుడుకాయల వాసన వచ్చింది. అప్పుడే తలంటుకున్న మనిషి పక్కన నిలబడ్డట్టు. ఆ ఇంట్లో కుంకుడుకాయలన్న మాటే లేదు. విద్య గబగబా వెళ్ళి చొక్కాలన్నీ లాగి కింద పడేసింది. తెర వైపు తిరిగింది.

నీడ అక్కడే ఉంది. ఆడుతోంది. గాజు మీద తను అద్దిన బొట్టు... ఆ నుదుటితో పాటే కదులుతోంది.

విద్య తెర మీంచి కళ్ళు తిప్పకుండా ఒక అడుగు వెనక్కి వేసింది.

"వేదా," అంది, పెదవులు కదిలీ కదలకుండా. "పైకి వెళ్ళు నాన్నా."

"వై, అమ్మా?"

"వెళ్ళమన్నానా..."

చిన్న అడుగులు మెట్లెక్కాయి. పాట అయిపోయింది. నీడ చేతులు దించింది. తల ఇటూ అటూ తిప్పి, ఏదో వింటున్నట్టు ఆగింది. తర్వాత నెమ్మదిగా కుడివైపుకి నడిచి తెర దాటిపోయింది. బొట్టు కూడా దానితోనే వెళ్ళిపోయింది. గాజు శుభ్రంగా ఉంది.

పోయింది, బతికాననుకుంది విద్య. గోడ దగ్గరికెళ్ళి వైరు పీకేసింది. తెర నల్లబడింది.

అప్పుడు గుర్తొచ్చింది. కుడివైపున ఉన్నవి మెట్లు.

ఎలా ఎక్కిందో ఆమెకే తెలియదు. పైన హాల్లో లైటు వెలుగుతోంది. వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. మంచు లోపలికి కొడుతోంది. గడప దగ్గర వేద మంచు బూట్లు వేసుకుని నిలబడింది. నుదుట తడితడిగా, ఎర్రగా బొట్టు.

"ఎక్కడికే!"

"ఆంటీ హౌస్‌కి." పిల్ల గొంతులో బెదురు లేదు. "బొట్టు పెట్టి పిలిచింది అమ్మా. పిలిస్తే వెళ్ళాలి అన్నావు కదా నువ్వు."

విద్య ఒక్క ఉదుటున వెళ్ళి పిల్లని గుండెకి హత్తుకుంది. కాలితో తలుపు తన్ని మూసింది. అరచేత్తో ఆ నుదురు రుద్దింది. మళ్ళీ రుద్దింది. బొట్టు పోయింది. హమ్మయ్య... పోయింది.

"వెళ్ళద్దులే తల్లీ. మనం ఎక్కడికీ వెళ్ళద్దు."

వేద బుద్ధిగా తలూపింది. కుడిచేత్తో అమ్మ మెడని చుట్టుకుంది. ఎడమ చెయ్యి మాత్రం కిందికి దిగలేదు. పక్కకి, కాస్త పైకి లేచి ఉంది... ఎవరో పెద్దవాళ్ళు వేలు పట్టుకున్నట్టు.