తోడుకంబం

గోదారికి వరద ఎర్రనీరు వచ్చిన పదకొండో రోజు పొద్దున నూకరత్నం తన ఏడునెలల కూతురు మాలచ్చిని ఊయల్లో పడుకోబెట్టి, పక్కనున్న నాబ్‌ని ఇంకో గీత పైకి తిప్పింది. నిన్నటిదాకా ఎనిమిది. ఇవాళ తొమ్మిది.

పిల్ల కిక్కురుమనలేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ ఆ చూపు తల్లి మీద లేదు.

అది తోడూయల. 2079 నాటికి గోదారి లంకల్లో అది లేని ఇల్లు లేదు. తల్లి గుండెచప్పుడూ, ఊపిరి వేడీ, ఒంటి వాసనా ఒక్కసారి దానికి పట్టిస్తే చాలు. తల్లి ఏ పని మీద ఎంత దూరం పోయినా, పిల్లకి మాత్రం పక్కన అమ్మ పడుకున్నట్టే ఉంటుంది. సముద్రం పైకొచ్చి లంకలు సగం మునిగాక ఇళ్ళన్నీ నీటి మీద తేలే ఇళ్ళయ్యాయి. ఒక్కో ఇల్లు ఒక్కో స్తంభానికి కట్టి, ఇంటికీ ఇంటికీ మధ్య వంద గజాల నీళ్ళు. పిల్లనెత్తుకుని పక్కింటి అరుగు మీద కూర్చునే రోజులు పోయాయి. పక్కింటికి పోవాలంటే పడవ విప్పాలి.

"మాలచ్చి బంగారమే, అసలు ఏడవదు" అని చూసినవాళ్ళంతా మెచ్చుకునేవాళ్ళు. రత్నానికి ఆ మెచ్చుకోలే గుండెల్లో గుబులు. పిల్ల ఆకలేసినా అడగదు. నోటికి అందిస్తే నాలుగు గుక్కలు తాగి ఊరుకుంటుంది. మొన్న పడవ మీద వచ్చిన నర్సమ్మ తూకం చూసి మొహం చిట్లించింది. "పోయిన నెల ఎంతుందో ఇప్పుడూ అంతే ఉందేంటమ్మా? వచ్చే గురువారానికి పెరక్కపోతే కాకినాడ పిల్లలాసుపత్రిలో చేర్చాల్సిందే."

గురువారానికి ఇంకా నాలుగు రోజులు.

"ఏం కాదులే రత్నం. నువ్వన్నిటికీ కంగారు పడతావు" అంది చెవి వెనక తోడుబిళ్ళ, లోవరాజు గొంతుతో.

లోవరాజు ఆమె మొగుడు. సముద్రం మధ్య గాలిమరల మీద పని. నాలుగు నెలల కిందట వెళ్ళాడు, పిల్ల తోడూయలెక్కిందీ అప్పుడే. రావడానికింకా రెండు నెలలుంది. బయల్దేరేముందు రేవులో మొగుడూ పెళ్ళాం బిళ్ళలు మార్చుకోవడం ఈ లంకల్లో ఆనవాయితీ. ఆమె గొంతు అతని చెవిలో, అతని గొంతు ఆమె చెవిలో. మాట్లాడేది అతను కాదనీ, అతని మాటతీరు నేర్చుకున్న యంత్రమనీ రత్నానికి తెలుసు. తెలిసినా "ఊఁ" కొడుతూనే ఉంటుంది. అతనికి ఎప్పుడూ ఉండే దగ్గు కూడా ఆ గొంతులో లేదు. వినడానికి హాయిగా ఉంటుంది.

ఆమె పడవెక్కి ఇంటికి వంద గజాల్లో ఏట్లో పాతిన తోడుకంబం దగ్గరికి పోయింది. అక్కణ్ణించి తన ఇల్లు కనపడుతుంది కాబట్టే కంబాన్నీ దాని చుట్టూ చేపల్నీ చూసుకునే ఈ పనికి ఒప్పుకుంది.

కంబం చుట్టూ పులసలు తేలుతున్నాయి. తెల్లటి పొట్టలు పైకి తిరిగి, ఎర్రటి నీళ్ళ మీద మెల్లగా ఊగుతున్నాయి. రెండు పడవల్లో ఇద్దరు ముసలాళ్ళు వలలు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూస్తున్నారు. పెద్దాయన సాయితేజ తాత, డెబ్బై దాటాయి. రెండో ఆయన వీరబాబు, తాతకంటే నాలుగేళ్ళు చిన్న.

"ఏటే రత్నం, ఇయ్యాల ఎన్ని పోయాయి?"

"నలభై రెండు తాతా."

"నిన్న ముప్పై. పందెం కట్టుకుని చస్తన్నట్టున్నాయి."

"మందు కలిపుంటారు" అన్నాడు వీరబాబు. "పైన రొయ్యల చెరువులోళ్ళు."

"చెరువులు మునిగి ఇరవయ్యేళ్ళయిందిరా. నీ బుర్రింకా అక్కడే ఈదుతోంది."

"అయితే నువ్వు చెప్పు, పెద్ద సైంటిస్టువి."

"చెప్తే నీకర్థమవుద్దా? దిష్టి. ఇన్నేళ్ళ తర్వాత పులస వచ్చిందని ఊరంతా అదే చూపు."

వీరబాబు నవ్వబోయి ఆగాడు. చెవి వెనక ఎవరో ఏదో అన్నట్టున్నారు, అటు తల వంచాడు. తాత కూడా చచ్చిపోయిన పెళ్ళాం గొంతు వింటూ తనలో తాను నవ్వుకున్నాడు. మాట అక్కడితో తెగిపోయింది. రెండు పడవలూ పక్కపక్కనే ఉన్నాయి, ఇద్దరు మనుషులూ లేనట్టే ఉంది.

రత్నం స్క్రీన్ తెరిచి రాజమండ్రిలో ఉన్న డాక్టర్ నిహారికని పిలిచింది. కంబాన్ని కనిపెట్టింది ఆవిడే. పులసలు వందల్లోకి పడిపోయాక సముద్రంలో మిగిలిన చేప ఒంటరిగా ఏరెక్కడానికి జంకేది. మందలో ఉంటేనే దానికి ధైర్యం. పులస తల పక్కల చర్మం కింద సన్నటి నాళాలుంటాయి, సైన్సులో లేటరల్ లైన్ అంటారు. నీళ్ళలో చిన్న కదలికైనా వాటికి తెలుస్తుంది. కంబం ఆ నాళాలకి తగిలేలా నీటిని సన్నగా కదిలిస్తుంది, పెద్ద మంద ముందు ఈదుతున్నట్టు. ఆ భ్రమ వెంటబడి ఒంటరి చేప ఏరెక్కుతుంది. పదేళ్ళ తర్వాత పులస మళ్ళీ గోదారిలోకి వచ్చింది అలాగే.

"నీటిలో విషం లేదు నూకరత్నం. రోగం లేదు. గాయాలూ లేవు" అంది డాక్టరు అలసటగా. "కంబం పనిచేస్తోందా?"

"చేస్తోంది మేడం."

"మరి నాకర్థం కావట్లేదమ్మా. ఈ నీరు తగ్గేలోగా కారణం తెలియకపోతే పైవాళ్ళు కంబాలన్నీ పీకేస్తామంటున్నారు."

చచ్చిన చేపని కొయ్యకుండా పెట్టెలో పెట్టి పంపాలని రూలు. కానీ రత్నం ఏడో తరగతిలో బడి మానేసి అమ్మ పక్కన చేపలు కోయడానికి కూర్చున్న మనిషి. అనుమానం వస్తే చెయ్యి కత్తిపీట వైపే పోతుంది. ముసలాళ్ళకి వీపు తిప్పి, పడవలోనే కత్తిపీట వేసి, పెద్ద ఆడపులసని ఒకదాన్ని కోసింది.

కత్తి పొడిగా దిగింది.

పులసని కోస్తే నూనె జారాలి. కోసినామె వేళ్ళు సాయంత్రం దాకా సబ్బుకి లొంగకూడదు. ఈ చేప మాంసం ఎండిన కొబ్బరి పీచులా ఉంది. పొట్టలో జన, అంటే గుడ్ల తిత్తి, మాత్రం నిండుగా, బంగారంలా, రెండు పక్కలా చెక్కుచెదరకుండా ఉంది. ఒక్క గుడ్డు వదల్లేదు. మగచేపని కోసింది. అదీ అంతే పొడిగా ఉంది.

"మేడం, రూలు తప్పాను, తిట్టకండి" అంది. "ఏరెక్కేటప్పుడు పులస తిండి తినదండి. ఒంట్లో నూనె మీదే ఎదురీదుతుంది. ఆ నూనె ధవళేశ్వరం దాకా రావాలి. వీటికి ఇక్కడే అయిపోయింది. ఇక్కడే తిరిగాయి మేడం, పైకి పోలేదు."

"ఇక్కడే తిరగడమేంటి? నీళ్ళలోకి కెమెరా దించు."

దించింది. ఎర్రటి మసకలో కంబం చుట్టూ పులసలు మెల్లగా తిరుగుతున్నాయి. ఆడవీ మగవీ జానెడు దూరంలో ఒకదాన్నొకటి దాటిపోతున్నాయి. దేనికీ పక్కదాని మీద ధ్యాస లేదు.

డాక్టరు స్క్రీన్‌కి దగ్గరగా వంగింది. "నాబ్ ఎన్నో గీత మీదుంది?"

"తొమ్మిది."

"నాలుగు మీద ఉంచమన్నాను కదమ్మా. ఇక్కడ నాకు పనిచేస్తోందనే కనిపిస్తుంది, గీత కనపడదు. నువ్వు తిప్పావా?"

"తిప్పాను." రత్నం కత్తిపీట పక్కకి నెట్టింది. "మొదట్లో ఒక్కటీ అరా వచ్చేవి. ఇంత నీళ్ళలో ఒక్కటే భయపడుద్దేమోనని ఒక గీత పెంచాను. ఇంకా వచ్చాయి. తర్వాత చావడం మొదలెట్టాయి. తోడు చాల్లేదేమో అని ఇంకో గీత. రోజూ చచ్చేకొద్దీ రోజూ..."

"నాలుగు మీద మంద ముందెక్కడో ఉన్నట్టు ఉంటుంది, దాని కోసం ఈదుతాయి. తొమ్మిది మీద మంద మధ్యలోనే ఉన్నట్టు. ఇంక ఎక్కడికి పోవాలి? పక్కన నిజం చేప ఉన్నా ఎందుకు?" డాక్టరు గొంతు తగ్గించింది. "ఆపెయ్యి. కాసేపు చెదిరిపోతాయి, కొట్టుకుంటాయి. చూడలేక మళ్ళీ వెయ్యకు."

రత్నం ఆపింది.

నీళ్ళు ఒక్కసారిగా ఉడికినట్టయ్యాయి. పులసలు ఒకదానికొకటి గుద్దుకున్నాయి, పడవ పక్కకి కొట్టుకున్నాయి, గాల్లోకి లేచాయి. తాత "అయ్యబాబోయ్" అని పడవంచు పట్టుకున్నాడు. కాసేపటికి ఒక ఆడచేప వెనక రెండు మగవి పడ్డాయి. ఆ మూడూ ఎదురునీటికి తిరిగాయి. వాటి వెనక ఇంకొన్ని.

"పోతున్నాయే! పైకి పోతున్నాయే!" అని ముసలాళ్ళిద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని ఊపేసుకుంటున్నారు.

రత్నం అది చూడలేదు. ఆమె చూపు కంబం నాబ్ మీదే ఉంది. నల్ల నాబ్, తెల్ల గీతలు, తొమ్మిది. ఊయలకున్నదీ అదే సంస్థ చేసిన అదే నాబ్.

తెడ్డు అందుకుని వంద గజాలూ ఎలా దాటిందో ఆమెకే తెలియదు.

ఊయల నాబ్ సున్నాకి తిప్పింది. పిల్ల మొహం ముందు ఖాళీగా అయింది, తర్వాత ముడుచుకుంది, తర్వాత నోరు తెరిచింది. నాలుగు నెలలుగా దాచిందంతా ఒక్క ఏడుపులో వచ్చింది. రత్నం ఎత్తుకుని గుండెకి అదుముకుంటే పిల్ల వెనక్కి విరుచుకుంది. రెండు చేతులూ ఊయల వైపు చాపింది. అమ్మ కావాలని అమ్మ చేతుల్లోంచి ఊయల్లోకి దూకబోతోంది.

ఊయలకి పట్టించింది నిద్రపోయే గుండె. ఇప్పుడీ ఒంట్లో కొట్టుకునేది వేరే గుండె, పరుగెత్తుకొచ్చిన గుండె. పిల్లకి ఈమె ఎవరో తెలియదు.

"రత్నం, ఊయల వెయ్యి. పాప ఏడుస్తోంది" అంది చెవిలో గొంతు మెత్తగా.

చెయ్యి నాబ్ దాకా పోయింది. చూడలేక మళ్ళీ వెయ్యకు. డాక్టరన్న ఆ మాటకి చెయ్యి వెనక్కి తీసుకుంది.

అప్పుడు, ఎందుకో, అడిగింది. "లోవ నిజంగా ఫోన్ చేసి ఎన్నాళ్ళయింది?"

బిళ్ళకి అబద్ధం చెప్పడం నేర్పలేదు. "పంతొమ్మిది సార్లు చేశాడు. ఆఖరుసారి చేసి ఇరవై రెండు రోజులు."

"మరి నాకు కలపలేదేం?"

"నువ్వప్పుడు ఒంటరిగా లేవు కదా రత్నం. నేను మాట్లాడుతున్నాను."

ఆమె బిళ్ళ పీకి నేల మీద పెట్టింది. చంకలో పిల్ల తన్నుకుంటుంటే గోడకున్న ఫోన్ నొక్కింది. ఇంత చిన్న పని ఇన్నాళ్ళూ ఎందుకు చెయ్యలేదో గుర్తు రాలేదు. అవసరం అనిపించలేదు, అంతే.

రెండు మోతలకే ఎత్తారు. ఆడగొంతు. అది తన గొంతే.

"ఎవరు కావాలండి? లోవ పని దిగొచ్చి కూర్చున్నాడు. నాతో మాట్లాడుతున్నాడు."

"నేను రత్నాన్ని."

"రత్నాన్ని నేనే" అంది ఆ గొంతు మర్యాదగా. కంగారు లేదు, ఆయాసం లేదు. "ఆయనకిప్పుడు తోడుంది. ప్రాణం మీదికొస్తే తప్ప కలపను."

మాలచ్చి ఇంకా ఆగలేదు, మొహం కందిపోయి, ఊపిరందక, ఒళ్ళంతా నోరై ఏడుస్తోంది. ఇన్ని నెలలు ఏ ఏడుపు వినకూడదని భయపడి గీత మీద గీత పెంచిందో, ఆ ఏడుపు.

ఆమె పిల్లని రెండు చేతులా ఎత్తి ఫోన్ దగ్గర పెట్టింది.

"ఏడువే నా తల్లీ. ఇంకా గట్టిగా. నాన్నకి వినపడాలి."

అవతల తన గొంతు ఒక్కసారి తడబడింది. "పసిబిడ్డ ఏడుపు వస్తోంది..." అని, ఆగిపోయింది. ఏదో క్లిక్కుమంది. సముద్రం మీది గాలి హోరు వినపడింది.

తర్వాత ఒక దగ్గు.

"ఎవరు? ... ఒసే, అది మాలచ్చేనా?"