ఖాళీ గది ఊపిరి

ఆదివారం మధ్యాహ్నం. భూమి అడుగున కట్టిన ఆ ప్రయోగశాలకు కిటికీలు లేవు కాబట్టి బయట ఎండైనా వెన్నెలైనా ఒకటే. ఫ్యాన్ల హోరు, స్పిరిట్ వాసన, నడిమధ్యన అద్దాల గది. ఆ గదిలో గాలి పీల్చి, అందులో విషవాయువు ఉందో రోగం తెచ్చే క్రిమి ఉందో చెప్పే పెట్టె కోసం ఆ శాస్త్రవేత్త తన వయసంతా ధారపోసింది. జనం గుమిగూడే చోటల్లా కాపలా పెట్టాల్సిన పెట్టె అది. దాన్ని పరీక్షించడానికి మర్నాడే పెద్దలు వస్తున్నారు.

ఆమె తమ్ముడు అక్కడే టెక్నీషియన్. అందరూ వాగుడుకాయ అంటారు. వాడి నోరు మూతపడిందంటే ఒంట్లో బాగోలేదని అర్థం. అమ్మానాన్నలు పోయాక వాణ్ణి చంకనేసుకుని పెంచింది ఆమే. వాడు తప్ప ఆమెకు నా అన్నవాళ్లు లేరు.

రోజూ పని మొదలెట్టే ముందు పెట్టెకు ఖాళీ గది గాలి చూపించాలి. ఇది ఏమీ లేని గాలి, దీన్ని పట్టించుకోకు అని నేర్పడమన్నమాట. కొన్నాళ్లుగా ఆ ఖాళీ గాలిలో మనిషి ఊపిరి ఉందంటూ పెట్టె గంట మోగిస్తోంది. ఒక్క మనిషిది. సందులు మూశారు, గొట్టాలు మార్చారు. ఊపిరి మాత్రం పోలేదు. ఇల్లు దొరక్క ఎవరో ఇక్కడ దిగారక్కా, అద్దె అడుగుదామా అని తమ్ముడు నవ్వాడు. ఆమెకు నవ్వు రాలేదు. గడువు ముంచుకొస్తోంది. చివరికి నిన్న విసుగెత్తి, మనిషి ఊపిరి కూడా ఖాళీ గాలే అని పెట్టెకు నేర్పేసింది. గంట మోగడం ఆగింది. తప్పని తెలుసు. తెలిసే చేసింది.

ఇప్పుడు తమ్ముడు ఫిల్టర్ మార్చడానికి లోపలికి వెళ్లాడు. వాడి వెనకే తలుపు మూసుకుని బిగుసుకుంది. బుస్సుమంటూ నైట్రోజన్ మొదలైంది. ఖాళీగా ఉన్నప్పుడు గదిని కడిగే వాయువు అది. గదంతా నిండితే మనిషి బతకడు. తలుపూ వాయువూ పెట్టె అదుపులోనే ఉంటాయి; లోపల ఊపిరి ఉంటే అది వాయువును రానివ్వదు. కానీ ఊపిరిని లెక్కచెయ్యొద్దని ఆమే నేర్పిందిగా.

తెర మీద అక్షరాలు: గదిలో ఎవరూ లేరు.

తమ్ముడు అద్దాన్ని గుద్దుతున్నాడు... పెదాలు కదులుతున్నాయి... మాట వినబడదు. ఆమె కుర్చీ ఎత్తి కొట్టింది. అద్దం మీద గీతైనా పడలేదు. వాడు మోకాళ్ల మీద కూలాడు. ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి.

పెట్టెకు నేర్పింది చెరిపెయ్యాలి. అదొక్కటే దారి. తొందరలో తప్పు మీట నొక్కింది. మళ్లీ నొక్కింది...

"ఒక్క నిమిషం నాన్నా... ఓర్చుకో..."

చెరిగింది. గంట మోగింది. నైట్రోజన్ ఆగింది.

తెర మీద అక్షరాలు మారాయి: గదిలో ఇద్దరు.

ఆమె చూస్తుండగానే తెర మీద ఒక ఊపిరి గీత సన్నబడింది... ఇంకా సన్నబడింది... ఆగిపోయింది.

గదిలో ఒక్కరు.

తలుపు తెరుచుకుంది. ఆమె ఊపిరి బిగబట్టి లోపలికి ఉరికి, వాడి రెక్కలు పట్టుకుని బయటికి ఈడ్చింది. ఒళ్లు వెచ్చగా ఉంది. ఛాతీ లేస్తోంది. బతికాడు! గుండెకు హత్తుకుని బావురుమంది. తప్పంతా తనదేనని, ఇంకెప్పుడూ ఈ గది గడప తొక్కనివ్వనని ఏడుస్తూనే చెప్పింది.

వాడు కళ్లు తెరిచాడు. కొత్త మనిషిని చూసినట్టు ఆమె మొహంలోకి చాలాసేపు చూశాడు. తర్వాత ఒక్కో మాటా కూడబలుక్కుంటూ గుసగుసగా అన్నాడు.

"లోపల ఎవరూ లేరని... నువ్వేగా పెట్టెకు నేర్పావు."

ఆమె చెయ్యి నెమ్మదిగా విడిపించుకుని లేచాడు. వెళ్లి అద్దాల గది తలుపు మూసి, దానికి వీపు ఆనించి నిలబడ్డాడు. ఆ వాగుడుకాయ ఇంకో మాట మాట్లాడలేదు.

వాడి కాళ్ల పక్కన, మోకాళ్ల మీద ఉన్న మనిషి నోరు తగిలే ఎత్తులో, అద్దానికి లోపలి వైపు ఆవిరి పట్టింది. చెరిగింది... మళ్లీ పట్టింది.