అచ్చియమ్మ బట్టీలో పదో రాగం

మాకవరపాలెం రోడ్డులో, మా వీధి మలుపు దాటగానే, అచ్చియమ్మ జీడిపిక్కల బట్టీ ఉంది. మూతపడి పన్నెండేళ్ళు. దీపాలు పెట్టాక అటు ఎవరూ నడవరు. బండి మీద వెళ్ళేవాళ్ళు కూడా ఊరికే హారన్ కొట్టుకుంటూ పోతారు.

బతికున్నన్నాళ్ళూ అచ్చియమ్మ గుమ్మంలో పీట వేసుకుని, ఆడకూలీలు ఏరిన పప్పు చూసేది. గుండు పప్పులో విరిగిన బద్ద ఒక్కటి కలిసినా చేట వెనక్కి తోసేది. "కాదే పిల్లా... మళ్ళీ సూడు." కోపం ఉండేది కాదు. అలాగని వదిలేదీ కాదు. ఆవిడ పోయాక కూడా చీకట్లో ఆ మాట వినపడుతుందని ఊళ్ళో చెప్పుకుంటారు.

నేను నవ్వేసేదాన్ని. మొన్న పాలు పోసే బాలన్న మా అరుగు మీద కూర్చుని ఒక సంగతి చెప్పాడు. చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను... మర్చిపోకముందే.

ముందు లైటర్ గురించి చెప్పాలి.

నాకు డెబ్భై ఆరు. ఈమధ్య రెండుసార్లు పాలు పొయ్యి మీద పెట్టి మర్చిపోయాను. రెండోసారి గిన్నె బొగ్గయింది. మా కోడలు శ్రీదుర్గ ఒక్క మాట అనలేదు. గ్యాస్ లైటర్ తీసుకెళ్ళి తన బీరువాలో పెట్టి తాళం వేసింది. ఆ రోజు నుంచి నా కాఫీ నేను పెట్టుకునే స్వతంత్రం పోయింది.

నాకు బడి చదువు లేదు. అక్షరాలు లైబ్రరీ పుస్తకాలు నేర్పితే, రాగాలు రేడియో నేర్పింది. కార్తీకంలో ఒక ఆదివారం రేడియోలో పొద్దుట్నుంచీ సంగీతమే అన్నారు. గాత్రం, వీణ, నాదస్వరం, మధ్యాహ్నం హరికథ. మొత్తం పది కచేరీలు. శ్రీదుర్గతో పందెం వేశాను.

"కచేరీకి ఒక రాగం చొప్పున పది రాగాలు పోల్చుకుంటాను. ముందు పేరు చెప్పేటప్పుడు చెవులు మూసుకుంటాను. చివర మళ్ళీ చెప్పేలోపు నేనే చెప్తాను. అన్నీ సరిపోతే లైటర్ ఇచ్చెయ్."

"ఒక్కటి తప్పినా మళ్ళీ అడక్కూడదు అత్తయ్యా. నోట్‌బుక్‌లో ఉంటేనే లెక్క," అని, తను రావికమతంలో పెళ్ళికి వెళ్ళింది.

రాత్రి తను తిరిగొచ్చేసరికి నోట్‌బుక్‌లో తొమ్మిది రాగాలు, తొమ్మిది టిక్కులు. పదో అంకె పక్కన... ఖాళీ.

నేనేదో పేరు చెప్పాను. రేడియో ఆయన కూడా చెప్పాడు. రాసుకునేలోపు దడుచుకున్నాను. ఇల్లు చేరేసరికి రెండు పేర్లూ బుర్రలోంచి తుడిచిపెట్టుకుపోయాయి. రాత్రంతా నిద్ర లేదు. కాఫీ కోసం కాదు. ఇవాళ రాగం పేరు పోయింది... రేపు మనుషుల పేర్లు పోతే?

తెల్లారి బాలన్న వచ్చాడు. మొహం పీక్కుపోయి ఉంది. క్యాన్‌కి పెద్ద సొట్ట.

"ఏటయ్యింది బాలన్నా?" అంది శ్రీదుర్గ గిన్నె పట్టుకొచ్చి.

"మెల్లగా అమ్మా..." అటూ ఇటూ చూశాడు. "నిన్న అచ్చియమ్మ బట్టీ కాడ..."

రాత్రి ఏడున్నర. బాలన్న మాకవరపాలెం నుంచి పాల క్యాన్లతో వస్తున్నాడు. సరిగ్గా బట్టీ ముందే క్యాన్‌కి కట్టిన తాడు ఊడింది. బండి ఆపి దిగాడు.

గాలి లేదు. లోపల దీపం లేదు. ఎప్పుడూ మూసి ఉండే తలుపు... ఓరగా తీసి ఉంది.

లోపల్నుంచి - వీణ.

తాడు చేతిలోనే ఉండిపోయింది. వీణ మెల్లగా, ఎవరినో బతిమాలినట్టు మోగుతోంది. అంతలో ఒక ముసలి గొంతు, ఆడగొంతు...

"దర్బారు!"

వీణ సాగుతూనే ఉంది. మళ్ళీ అదే గొంతు, గట్టిగా...

"నాయకి! నాయకి!"

వీణ ఆగిపోయింది. ఆ చీకట్లోంచి ఒక మగగొంతు, చాలా మర్యాదగా...

"ఇంతవరకు మీరు విన్నది నాయకి రాగం."

"నన్నే అన్నాడు మామ్మగారూ! నాను ఇంటన్నట్టు ఆడికెలా తెలిసింది? క్యాన్ జారి దబ్బున పడిపోనాది. లోపల ఎవరో కెవ్వుమన్నారు. నాను బండెక్కి ఒకటే పరుగు!"

అప్పటికే నేను నోట్‌బుక్ కోసం లోపలికి పరిగెత్తాను. పెన్ను దొరకలేదు. శ్రీదుర్గ పాల లెక్క రాసే పెన్ను దాని చేతిలోంచి లాక్కున్నాను.

"పదోది నాయకి! దర్బారుకీ దానికీ చాలా దగ్గర పోలిక. అయినా రేడియో చెప్పకముందే దిద్దుకున్నాను. సాక్షి ఇడుగో!"

"అత్తయ్యా... ఆ దెయ్యం మీరా?"

"ఏం చెయ్యనే! దీపాలు పెడితే చాలు, మన ఎల్ఈడీ బల్బులకీ ఇన్వర్టర్‌కీ రేడియో గర్రుమంటుంది. ఈ చుట్టుపక్కల కరెంటు లేని చోటు ఆ బట్టీ ఒక్కటే, బ్యాటరీ రేడియో పట్టుకుని అక్కడికి పోయాను. వీణ ఎంత శుభ్రంగా వినపడిందో! వీడు క్యాన్ పడేసేదాకా."

శ్రీదుర్గ నవ్వు ఆపుకోలేక అరుగు మీద కూలబడింది. "చీకట్లో ఒక్కరే వెళ్తారా?" అని కేకలేసి, మళ్ళీ నవ్వి, బీరువా తాళం తీసింది. లైటర్ నా చేతిలో పెట్టింది. చిన్నపిల్లలా రెండుసార్లు టక్ టక్‌మనిపించాను.

బాలన్న మాత్రం నవ్వలేదు.

"సరే మామ్మగారూ, దర్బారు అన్నది మీరు. నాయకి అన్నదీ మీరే. రేడియో సరే." గొంతు తగ్గించాడు. "మరి నడుమ... రెండో ఆవిడెవరు?"

"రెండో ఆవిడేటి?"

"మీరు దర్బారు అనగానే పక్క నుంచి అన్నాదే... ‘కాదే పిల్లా... మళ్ళీ ఇను’ అని."

శ్రీదుర్గ నవ్వు ఆగిపోయింది.

నేను ఒక్కదాన్నే వెళ్ళాను. ఒక్కదాన్నే అని... జ్ఞాపకం. నన్ను పిల్లా అని పిలిచే మనుషులు పోయి ముప్పై ఏళ్ళయింది.

నేనే లేచి ముగ్గురికీ కాఫీ పెట్టాను. పాలు పొంగలేదు, మాడలేదు. తాగాక నోట్‌బుక్ తీసి పదో రాగానికి టిక్కు పెట్టి, కింద గుర్తుకి ఒక ముక్క రాసుకున్నాను.

"వచ్చే కచేరీకి రెండు పీటలు తీసుకెళ్ళాలి. మర్చిపోకూడదు."