పసుపు కార్డు మాయం

గొడుగు ముడవడం కూడా మరిచిపోయి, నీళ్లు కారుతుండగానే లోపలికొచ్చాడా మనిషి.

"మేడం, నన్ను సంపాలని ఎవలో సూస్తున్నరు!"

ధనుంజయ్ చేతిలోని మిర్చి బజ్జి నోటిదాకా వచ్చి ఆగిపోయింది. నిజామాబాద్ ఖలీల్‌వాడిలో డాక్టర్ల బోర్డుల నడుమ ఇరుక్కున్న 'భాగ్యలక్ష్మి డిటెక్టివ్ ఏజెన్సీ'కి సాధారణంగా పంటి డాక్టరు కోసం వచ్చి దారి తప్పినవాళ్లే ఎక్కువ. ప్రాణభయంతో వచ్చినవాడు ఇతనే మొదటివాడు. పదేళ్లు ఇన్సూరెన్స్ కంపెనీలకు దొంగ క్లెయిములు పట్టిచ్చిన భాగ్యలక్ష్మి మాత్రం తొణకలేదు. కుర్చీ చూపించి, మరో టీ తెమ్మని అసిస్టెంటు ధనుంజయ్‌కు సైగ చేసింది. ఆవిడ ఉరుముకు కూడా ఉలికిపడదని ధనుంజయ్ నలుగురిలో గొప్పలు చెబుతుంటాడు.

వచ్చినతని పేరు నరేష్. ఊరు బోధన్. చక్కెర ఫ్యాక్టరీలో పాన్‌మన్, అంటే చెరుకు పాకం కాగుతుంటే సరైన సమయానికి పలుకు కట్టించే పనివాడు. ఇక్కడ పని సన్నగిల్లాక ఏ సీజనుకు ఏ రాష్ట్రమో అన్నట్టు తిరుగుతున్నాడు.

"ఎల్లుండి ఫ్లైటు మేడం. కామెరూన్ పోతున్న. ఆఫ్రికా నడుమ ఉంటదది. ఆడ చక్కెర ఫ్యాక్టరీల కొలువు దొరికింది. నిన్న బ్యాగు సర్ది పెట్టిన. పొద్దుగాల సూస్తే ఎల్లో ఫీవర్ కార్డు గాయబ్! సూది ఏసినట్టు పసుపు రంగు కార్డు ఇస్తరు గదా, గది. అది లేకుంటే ఆ దేశంల అడుగు పెట్టనియ్యరు."

"కార్డు పోతే చంపినట్టు ఎట్లయితది?"

"నా కడుపు కొడితే సంపినట్టే గదా మేడం."

"ఆ లెక్కన జిల్లాలో సగం మంది హంతకులే," అంది భాగ్యలక్ష్మి. "నిన్న ఇంటికి ఎవరెవరొచ్చిండ్రు?"

"రామ్‌దాస్ వచ్చిండు. ఆయన గూడ పాన్‌మనే. నేను పోకుంటే ఆ కొలువు ఆయనకే. ఇగ మా బావ రవీందర్, నా భార్యకు అన్న. ఏజెంటు పని చేస్తడు. కొలువు సూసి పెట్టింది, సూది ఏపిచ్చింది, కార్డు తెచ్చి చేతుల పెట్టింది అంతా ఆయనే."

"సూది ఎక్కడ ఏసిండ్రు?"

"బోధన్‌లనే, బావ ఆఫీసుల. ఒక మనిషిని పిలిపిచ్చిండు. ఆయన సొరుగుల నుంచి ఎర్రమందు సీస తీసి ఏసిండు. మస్తు పని చేసింది మేడం! మూత్రం పసుపు నీళ్ల లెక్క వచ్చింది. లోపలి పచ్చజరం అంతా ఎళ్లిపోతున్నదని బావ చెప్పిండు."

ధనుంజయ్‌కు నవ్వాగలేదు. భాగ్యలక్ష్మి నవ్వలేదు. టీ సగంలోనే వదిలి, చెప్పులు తొడుక్కుంది. టీ వదిలిందంటే ఏదో దొరికిందన్నమాటే. ఏం దొరికిందో మాత్రం ధనుంజయ్ బుర్రకు తట్టలేదు.

బోధన్‌లో నరేష్ ఇల్లు చిన్నదే. ముందుగదిలో మంచం మీద బ్యాగు బోర్లించి ఉంది. భాగ్యలక్ష్మి జాతరలో బొమ్మల కొట్టు చూసే పిల్లలా ఒక్కొక్కటీ ఎత్తి చూసింది. దోమలు చచ్చే మందు పట్టించిన దోమతెర. నిండుచేతుల చొక్కాలు. ఒంటికి పూసుకునే దోమల మందు, ఓఆర్ఎస్ పొట్లాలు, థర్మామీటరు. మలేరియా రాకుండా మాత్రలు.

"ఇవెప్పుడు వేసుకుంటవు?"

"పోకముందు షురూ చెయ్యాలె, ఆడున్నన్ని రోజులు మింగాలె, వాపస్ వచ్చినంక గూడ కొన్నాళ్లు ఆపొద్దన్నడు మీ ఖలీల్‌వాడి డాక్టరే. నీళ్లు కాగబెట్టకుండ తాగొద్దన్నడు."

"ఎల్లో ఫీవర్ సూది సంగతి ఆయనేమన్నడు?"

"దానికి హైదరాబాద్ పోవాలన్నడు. బావ ఉండంగ గంత దూరం ఎందుకని నేనే పోలే."

బట్టల అడుగున ఇంకో మూట బయటపడింది. వాము, శొంఠి, వేల్పూర్ పసుపుకొమ్ములు. అది నరేష్ తల్లి ఈరవ్వ సర్దిన వైద్యం.

"ఆ దేశంల వాము దొరుకుతదో లేదో బిడ్డా," అందామె. కొడుకు ఆఫ్రికాకు కాదు, అడవికి పోతున్నట్టే ఉంది ఆమె మొహం.

కార్డు పెట్టిన చిన్న సంచిలో పాస్‌పోర్టు, టికెట్టు చెక్కుచెదరకుండా ఉన్నాయి. భాగ్యలక్ష్మి వాటిని అటూ ఇటూ తిప్పి, ఉన్నచోటే పెట్టేసింది.

కబురు పెడితే రామ్‌దాస్ మండిపడుతూ వచ్చాడు.

"నా మీదనేనా అనుమానం? నేనే ఆపాలనుకుంటే పాస్‌పోర్టు పట్టుకపోతుంటి! కార్డుదేమున్నది? ఇంకోపారి సూది పొడిపిచ్చుకుంటే ఇంకో కార్డు ఇస్తరు."

గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుందని ధనుంజయ్‌కు అనిపించింది. దొంగ దొరికాడన్న ధీమాతో మేడం వైపు చూశాడు. ఆవిడ రామ్‌దాస్‌ను మెచ్చుకున్నట్టు తలూపుతోంది.

నరేష్ భార్య జ్యోతిరాణి గోడకు ఆనుకుని, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఇంత గొడవలోనూ ఆమె వేళ్లు ఆగలేదు.

"మీ ఆయన పోవుడు నీకు ఇష్టమేనా అమ్మా?"

"ఇష్టమే. ఈడుండి ఏం చేస్తడు? పని తెలిసిన మనిషి ఖాళీగ కూసుంటే సూడలేను."

"కార్డు పోయిందంటే ఏమన్నవు?"

"ఏమంట? హైదరాబాద్ పోయి సూది ఏసుకొని ఇంకోటి తెచ్చుకొమ్మన్న. ఇనలే. ఉరికి మీ దగ్గరికొచ్చిండు."

అంతలో రవీందర్ బండి ఆగింది. తెల్లచొక్కా, చేతిలో రెండు ఫోన్లు. డిటెక్టివ్‌ను చూసి ఒక్క క్షణం తడబడ్డాడు గానీ వెంటనే నవ్వు తెచ్చుకున్నాడు.

"గింత చిన్న దానికి మేడంను పరేశాన్ చేసినవా నరేష్? పొద్దుమీకి కొత్త కార్డు తెచ్చిస్త."

"మళ్లా సూది ఏపిస్తరా?" అంది భాగ్యలక్ష్మి.

"ఏం అవసరం లేదు మేడం. మనకు తెలిసినోళ్లున్నరు."

చాటలోని కత్తెర కింద పడి ఠంగుమంది. జ్యోతిరాణి వంగి తీసుకుంది.

భాగ్యలక్ష్మి ఈరవ్వ వెంట ఇల్లంతా తిరిగింది. బియ్యం డబ్బా, పరుపుల కింద, పాత పెట్టె అన్నీ వెతికామని ముసలామె చెప్పింది. దేవుని గూటి పక్కన మేకుకు పసుపుబట్టలో కట్టిన ముడుపు వేలాడుతోంది. రూపాయి బిళ్లకూ గుప్పెడు బియ్యానికీ కట్టే ముడుపు గుండ్రంగా ఉంటుంది. ఇది పలకలా, అంచులు తీరుగా ఉంది. కోడళ్లలో పొందికైనవాళ్లు ఇలాగే కడతారు కాబోలనుకున్నాడు ధనుంజయ్.

"నా కోడలు కట్టింది, ఎల్లమ్మతల్లికి. మొగడు సల్లగ తిరిగి రావాలని."

"ఇందులో వెతికిండ్రా అవ్వా?"

ఈరవ్వ చెంపలేసుకుంది. "ముడుపు ఎవలన్న ఇప్పుతరా బిడ్డా? మొక్కు తీరకముందు కట్టినోళ్లు తప్ప ఇంకొకలు ముట్టొద్దు."

భాగ్యలక్ష్మి వాకిట్లోకి వెళ్లి, ఖలీల్‌వాడి డాక్టరుకు ఫోన్ చేసింది. మాట్లాడి వచ్చి, అందరినీ ముందుగదిలో కూర్చోబెట్టింది.

"దొంగ ఎవరో చెప్పేముందు దొంగతనం గురించి చెప్త," అంది. "ప్రయాణం ఆపాలనుకున్నవాళ్లు పాస్‌పోర్టు తీస్తరు. రామ్‌దాస్ కోపంలో అన్నా నిజమే అన్నడు. కార్డు ఒక్కటే తీస్తే ఏమైతది? నరేష్ మళ్లీ సూది వేయించుకోవాలె. దొంగకు కావాల్సింది అదే."

"ఏసిన సూది మళ్లెందుకు మేడం?" అన్నాడు నరేష్.

"ఏయలేదు గనుక. ఎల్లో ఫీవర్ టీకా పొడిగా ఉంటది. చల్లటి పెట్టెలో ఉంచుతరు, అప్పటికప్పుడు నీళ్ల మందు కలిపి ఏస్తరు. అదీ ప్రభుత్వం ఒప్పుకున్న కేంద్రాల్లోనే. నీకు సొరుగులో నుంచి తీసి ఏసిన ఎర్రమందు బి-కాంప్లెక్స్. మన దగ్గర బలం సూది అంటరు. మూత్రం పచ్చగా వచ్చేది దానితోనే. రోగం బయటికి పోలేదు నాయనా, విటమిను పోయింది."

నరేష్ బావ వైపు చూశాడు. రవీందర్ తేలు కుట్టిన దొంగలా ఫోను నొక్కుకుంటున్నాడు.

"సూది లేకుండనే సాయంత్రానికి కార్డు తెస్తనన్నవు రవీందర్. అసలు కార్డు అట్ల రాదు. ఆ జ్వరం దోమకాటుతో వస్తది. వచ్చినంక దానికి మందు లేదు. ఉన్నదల్లా ముందు జాగ్రత్తే. డాక్టరు చెప్పినా నరేష్ హైదరాబాద్ పోలేదు. మీ అందరిలో హైదరాబాద్ పోయి ఏసుకొమ్మన్నది ఒక్కరే. బోధన్ సూది ఉత్తదని రవీందర్ కాక ఆ ఒక్కరికే తెలుసు."

భాగ్యలక్ష్మి ముడుపు వైపు చూసింది.

"ఇల్లంతా తవ్వినా ఎవరూ చెయ్యి పెట్టని చోటు ఒక్కటే. నేను విప్పను. కట్టినవాళ్లే విప్పాలె."

జ్యోతిరాణి చాట పక్కన పెట్టి లేచింది. ముడుపును కళ్లకద్దుకుని, ముడి విప్పింది. బియ్యం గింజల నడుమ నుంచి పసుపు కార్డు తీసి మొగుని ముందు పెట్టింది.

"నువ్వా?" అన్నాడు నరేష్.

"అన్న ఆఫీసు ఊడ్సంగ ఆ సీస దొరికింది. కాన్పైనంక నాకు ఏసింది గూడ గదే సూది, నాకెరుకే. అన్ననడిగితే కార్డుంటే చాలు, లోపల ఏమున్నదో ఎవలు సూస్తరన్నడు. బాపు పోయినంక నన్ను సాదినోడు. చెప్తే అన్న జైలుకు పోతడు. చెప్పకుంటే నిన్ను సావుకు తోలినట్టు. ఏం చెయ్యాల్నో తెల్వక అమ్మవారి దగ్గర దాసిన."

ధనుంజయ్‌కు కళ్లు చెమ్మగిల్లాయి. డిటెక్టివ్ అసిస్టెంటుకు ఇది తగదని కిటికీలోంచి వాన చూడసాగాడు.

"అరే, ఇప్పటిదాంక ఎవలకన్న ఏమన్న అయిందా?" అన్నాడు రవీందర్ కోపంగా. "అందరు మంచిగనే ఉన్నరు గదా!"

"అందరూ అంటే?" చటుక్కున అంది భాగ్యలక్ష్మి. "నరేష్ ఇంకా ఫ్లైటు ఎక్కనే లేదు. నీ సూదితో ఎక్కినవాళ్లెవరు?"

రవీందర్ మొహం పాలిపోయింది. "ఒక్కడే. దశరథం. ఎండకాలం కామెరూన్‌కే పోయిండు."

రామ్‌దాస్ ఒక్క ఉదుటున వచ్చి అతని కాలరు పట్టుకున్నాడు. దశరథం రామ్‌దాస్‌కు సొంత తమ్ముడు.

"కొట్టకు రామన్నా," జ్యోతిరాణి అడ్డం వచ్చింది. "కొడితే ఏమొస్తది? ముందుగాల ఫోన్ చేపియ్యి." రవీందర్ వైపు తిరిగింది. "అన్నా, నువ్వే చెయ్యి. నీ నోటితోనే చెప్పు."

రవీందర్ నంబరు నొక్కి స్పీకర్ పెట్టాడు. ఫోను మోగింది, మోగింది, చివరికి అవతల ఎవరో ఎత్తారు. వెనక యంత్రాల చప్పుడు.

"దశరథం... నేను రవీందర్‌ను. నీకు ఏపిచ్చింది ఎల్లో ఫీవర్ సూది కాదురా. బలం మందు. కార్డు గూడ దొంగది. ఇయ్యాలనే ఫ్యాక్టరీ డాక్టరు దగ్గరికి పోయి ఉన్నదున్నట్టు చెప్పు. సూది ఏసుకో. దోమతెర లేకుండ పండుకోకు."

యంత్రాల చప్పుడొక్కటే గదంతా వినబడింది. తరువాత దశరథం గొంతు పలికింది.

"నరేష్ బయలెల్లిండా?"

"లేదు."

"ఎక్కనియ్యకున్రి. నేను ఇప్పుడే డాక్టరు దగ్గరికి పోతున్న. మీరు ముందు ఆయనను ఆపుండ్రి."

రామ్‌దాస్ ఫోను లాక్కుని తమ్ముని పేరు పిలిచి, ఏడ్చేశాడు. అప్పటిదాకా ఆ కొలువు కోసం కుళ్లుకున్న మనిషి గోడకు ఒరిగి కూలబడ్డాడు.

నరేష్ కార్డు తీసుకుని చింపబోతుంటే భాగ్యలక్ష్మి ఆపింది. "నా పంచాయితీ ఇక్కడికి అయిపోయింది. పోలీసులది మొదలైతది. ఇది వాళ్లకు కావాలె. నువ్వు హైదరాబాద్ పో. అసలు సూది వేసుకున్నా పది రోజులు దాటితేనే కార్డు చెల్లుతది. ఫ్యాక్టరీవాళ్లకు నిజం చెప్పి గడువు అడుగు."

"ఇయ్యకుంటే?"

"ఇయ్యకుంటే కొలువు పోతది," అంది జ్యోతిరాణి. "పోతే పోనీ. కొలువు మళ్ల దొరుకుతది."

నరేష్ ఆమె చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు. ఈరవ్వ ఏడుస్తూనే కోడలి తల నిమిరింది.

రవీందర్ తన చేతిలో మిగిలిన ఫోను మంచం మీద పెట్టి, తల వంచుకుని గడప దాకా నడిచాడు. వాన ఇంకా తగ్గలేదు. అక్కడ ఆగి వెనక్కి చూశాడు. ఎవరూ అతన్ని పిలవలేదు.

జ్యోతిరాణి మొగుని చేతుల్లోంచి చెయ్యి మెల్లగా తీసుకుని, కొంగు తల మీదికి లాక్కుంది.

"పా అన్నా," అంది. "ఠాణాకు నేను గూడ వస్త."